సగం కొయ్య మీద జెండా

లూనెన్‌బర్గ్‌లో చేపల ఓడ రేవుకు తిరిగొస్తుంటే ఆడవాళ్లు ముందు చూసేది తెరచాప కొయ్య మీది జెండాని. చివరన ఎగిరితే పొయ్యి మీద కుండ పెట్టుకోవచ్చు. సగంలో ఆగిందంటే ఓడలో ఎవరో పోయినట్టు, ఎవరి కొంపో మునిగినట్టే.

మినర్వా ఆ ఊళ్లో పుట్టిందే. పట్నంలో బొమ్మలు నేర్చుకొచ్చినా జెండా సంగతి మరిచేది కాదు. అయినా అన్న లెమ్యూల్ ఎక్కిన ఓడను గీసేటప్పుడు ఎర్రజెండాను సగం కొయ్య మీదే పెట్టింది. ఆ బూడిదరంగు ఆకాశం కింద సరిగ్గా అక్కడ ఎరుపు పడకపోతే బొమ్మకు ప్రాణం లేదు. చెయ్యి పెట్టేసింది, బుర్ర అడ్డు రాలేదు.

ఆ బొమ్మనే మాంట్రియల్ ప్రదర్శనకు పంపమన్నారు. ఆమెకు అంత దూరం నుంచి పిలుపు రావడం అదే మొదలు. ఆ రోజు మధ్యాహ్నం రైలుకి ఎక్కించాలి. పొద్దున్నే పులిసిన క్యాబేజీ గిన్నెతో వచ్చిన పక్కింటి సాలోమి బొమ్మ చూసింది. గిన్నె అక్కడే దించి, లెమ్యూల్ పెళ్లాం ఒడెస్సాను లాక్కొచ్చింది.

"చూడవే, నీ ఆడపడుచు నీ మొగుడికి అప్పుడే సమాధి కట్టేసింది!"

"అది రంగు పెద్దమ్మా, అంతే."

"రంగైతే పైన పుయ్యి. రంగుకి పైనేంటి, కిందేంటి?"

ఓడ రావాల్సిన వారం దాటిపోయింది. ఒడెస్సా పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"నీకు దణ్ణం పెడతా మినర్వా. పైకి జరుపమ్మా."

"ఇప్పుడు ముట్టుకుంటే రంగు ఆరదు వదినా. పెట్టెలో అలుక్కుపోతుంది. ఈ రైలు తప్పితే మళ్లీ పిలవరు."

"మీ అన్న రాకపోతే?"

"బొమ్మ గీస్తే ఓడలు మునుగుతాయా?" అని నవ్వబోయింది మినర్వా. కళ్లు మాత్రం కిటికీలోంచి ఖాళీ రేవు మీదికే పోయాయి. చదువుకున్న బుర్ర మునగవంటోంది, పుట్టి పెరిగిన ఊరు ఏమోనంటోంది.

కత్తి తీసి ఎర్రజెండాను గీకేసింది. కొయ్య చివర కొత్తది పూసింది. బొమ్మ తూకం తప్పి ఒక పక్కకు ఒరిగినట్టయింది. చూసే కళ్లున్నవాడికి ఇట్టే తెలిసిపోతుంది.

బండివాడు గుమ్మంలోంచి కేకేశాడు. "పెట్టె ఏదమ్మా? రైలు మనకోసం ఆగదు."

"లేదు. నువ్వెళ్లు."

సాలోమి సణుక్కుంటూ ఇంటికి పోయింది. ఒడెస్సా మాత్రం కిటికీ దగ్గర కూర్చుండిపోయింది. రేవు దాటి సముద్రం మీద తెరచాపన్నది లేదు. కాసేపటికి రైలు కూత వినిపించింది.

"పోయిందా?"

"పోయింది."

"నా మీద కోపమా?"

"ఇప్పుడడక్కు వదినా," అంది మినర్వా, సముద్రం మీంచి చూపు తిప్పకుండా. "అన్న వచ్చాక అడుగు."