ముందు వచ్చే రెండాకులు

మా ఇంట్లో ఎండ పడే కిటికీ ఒక్కటే. ఇరవై రెండేళ్లలో అది నా భార్యకు ఇవ్వలేదు. ఆమె అడగక కాదు. రెండుసార్లు అడిగింది.

ఆ కిటికీ ముందు గదిలో ఉంది. దాని కింద టీవీ ఉండేది. తెర మీద ఎండ పడితే అమ్మకు బొమ్మ కనపడదని పగలంతా పరదా వేసి ఉంచేవాళ్లం. కొత్తిమీర మొలకలు అక్కడ పెట్టుకుంటానని నా భార్య మొదటిసారి అడిగినప్పుడు అమ్మ అంది: "ముందు గదిలో మట్టి పెడితే వచ్చినవాళ్లు ఇల్లనుకోవాలా, నర్సరీ అనుకోవాలా అమ్మాయ్?" నేను నవ్వాను. రెండోసారి నన్నే అడిగింది. "కట్ట కొంటే అయిపోయేదానికి నలభై రోజులు కాపలా కాస్తావా? నీకు పని తక్కువైంది" అన్నాను.

పని తక్కువైన మనిషి ఐదింటికి లేచేది. వంట చేసి, అమ్మకు స్నానం చేయించి, నా డబ్బా కట్టి, ఎనిమిదింటికి చొక్కాల ఫ్యాక్టరీలో మిషన్ ముందు కూర్చునేది. కాలర్లు కుట్టేది. బాత్రూముకు లేస్తే సూపర్‌వైజరు గడియారం చూసేవాడట. సాయంత్రం వచ్చి మళ్లీ వంట.

వంటింటి కిటికీకి ఎదురుగా పక్కింటి గోడ. అక్కడ రోజుకు గంట వెలుతురు. గుడ్ల అట్టల గుంటల్లో మట్టి నింపి గింజలు వేసేది. మొలకలు వెలుతురు కోసం సాగి సాగి, పాలిపోయి, పడిపోయేవి. మళ్లీ వేసేది. పొద్దున అట్టను బాత్రూము వెంటిలేటరు దగ్గర పెట్టి, ఆదివారాలు గంటగంటకూ వెలుతురు వెంట జరిపేది. "మొక్కల్ని షికారుకు తీసుకెళ్తున్నావా?" అనేవాణ్ని. నేను ఇనుప భాగాలు చెక్కే లేత్ మిషన్ మీద పనిచేస్తాను. వెంట్రుకవాసి తేడా కూడా నా కన్ను దాటిపోదు. ఆ అట్టలోకి మాత్రం ఒక్కసారి వంగి చూడలేదు.

పోయినేడు ఒక్క మొక్క నిలబడింది. తెల్లగా పూసింది. ఇంట్లోకి తేనెటీగలు రావుగా, దూదితో పువ్వు పువ్వునూ తనే తడిమింది. గింజలు కట్టాయి. వాటిని చిన్న సీసాలో పోసి, మీద 'విత్తనం' అని రాసి అంటించింది. అప్పటికే కడుపులో నొప్పి ఉందట. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరు వింటారు?

ఈ ఏడు ఆమెను ఆస్పత్రిలో చేర్చాక ఒక సాయంత్రం ఏమైనా కావాలా అని అడిగాను. అంత మాట్లాడుతుందనుకోలేదు.

"ఆ ఇంట్లో నేనేం చేసినా సాయంత్రానికి ఉండదండీ. వండితే తినేస్తారు. ఉతికితే మాసిపోతుంది. తుడిస్తే తొక్కేస్తారు. తప్పని అనను, ఇళ్లన్నీ అంతే. ఫ్యాక్టరీలో కుట్టిన కాలరు ఏ మెడకు పోతుందో తెలీదు. అది కుట్టింది నేనని ఆ మెడకీ తెలీదు. ఆ గింజ ఒక్కటే నేను డ్యూటీలో ఉన్నప్పుడు కూడా నేను మొదలుపెట్టిన పని చేస్తూ ఉండేది. రాగానే చెప్పులు తీయకుండా వెళ్లి చూసేదాన్ని. మీరేమో ముందు టీ పెట్టవే అనేవారు. పెట్టేదాన్ని. పెడుతూ చూసేదాన్ని. సీసాలోవి వేయండి. గిన్నె అడుగుతో మెల్లగా నొక్కితే ఒక్కో గింజ రెండు బద్దలవుతుంది, పొడి చేసేయకండి. నానబెట్టి వేయండి. పది రోజులకు వస్తాయి. వచ్చాక చెప్పండి, చాలు."

డాక్టరు నాకు చెప్పిన గడువు కూడా ఇంచుమించు అంతే.

ఇంటికెళ్లాను. సీసా కడిగి బోర్లించి ఉంది. వంటకు సాయంగా వచ్చిన మా అక్కను అడిగాను.

"ధనియాలేగా? డబ్బాలో అయిపోతే అవి వేయించి పొడి కొట్టాను."

"మీద విత్తనం అని రాసి ఉంది కదా."

"ధనియాలకు విత్తనాలేంట్రా కొత్తగా? నిన్నటి కూరలో వేసింది అవే. బాగుందని రెండోసారి వడ్డించుకున్నావుగా!"

కొట్లో ధనియాలు కొన్నాను. చెప్పినట్టే నొక్కి, నానబెట్టి, గుడ్ల అట్టలో వేశాను. టీవీ పక్కకు జరిపి, పరదా తీసి, ముందు గది కిటికీలో పెట్టాను. అమ్మ ఏమీ అనలేదు. నేను పెడితే ఎవరూ ఏమీ అనలేదు.

పది రోజులైంది. ఒక్కటీ మొలవలేదు. ఎన్నాళ్లనాటి సరుకో.

పదకొండో రోజు ఆమె అడిగింది. "వచ్చాయి" అన్నాను.

నాలుగు రోజులుగా లేవని మనిషి మోచేతి మీద లేచింది. "ఎన్ని?"

"పది, పన్నెండు."

"ఆకులు ఎలా ఉన్నాయి?"

"ఎలా ఉంటాయి, కొత్తిమీర ఆకుల్లాగే. చిన్నగా, అంచులు కత్తిరించినట్టు."

చాలాసేపు నన్నే చూసింది. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"ముందు వచ్చే రెండాకులు అలా ఉండవండీ. సన్నగా, పొడుగ్గా, గడ్డిపోచల్లా ఉంటాయి. అంచులున్నవి తర్వాత వస్తాయి" అంది. "వదిన వాడేసిందా?" అని అడిగింది.

నేను దుప్పటి అంచు సర్దాను.

"కూర బాగుందా?"

అదీ చెప్పలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. మూడు రోజులు బతికింది. మంచినీళ్లు పట్టిన నర్సుతో మాట్లాడింది. దుప్పటి మార్చిన ఆయాతో మాట్లాడింది. నాతో మాట్లాడలేదు.

కర్మలన్నీ అయి అందరూ వెళ్లిపోయాక అక్క అంది, "గుప్పెడు ధనియాలకు ఇంత మొహం మాడ్చుకోవాలా తమ్ముడూ? తెలిసి చేశానా?" తెలిసి చేయలేదు. మా ఇంట్లో ఎవరమూ ఏదీ తెలిసి చేయలేదు. అక్కను క్షమించలేదు. అమ్మను క్షమించలేదు. నా సంగతి అడగక్కర్లేదు.

కూర బాగుంది. ఆమెకు చెప్పాల్సిన జవాబు అదొక్కటే, ఆమెకే చెప్పలేదు. ఇక దీని గురించి ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడను.