లూపు లైనులో ప్యాసింజరు

పలాస వైపు నుంచి ప్యాసింజరు వచ్చి నౌపడ స్టేషన్లో మెయిన్ లైను పక్కనుండే లూపు లైనులో ఆగేసరికి పాయింట్స్‌మన్ కృపావరం చంకలో పచ్చజెండా, చేతిలో భార్య చెయ్యి. నెమ్మదిగా ఎక్కించి కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. జీవరత్నమ్మ పాదాలు బూరెల్లా పొంగి చెప్పుల్లో పట్టడం లేదు. ఉద్దానం కిడ్నీ రోగమే ఆమెదీ. పోయినసారి ఈ బండే ఆలస్యమై, విశాఖ ఆసుపత్రిలో రక్తం కడిగే మిషను దగ్గర ఆమె వంతు పోయింది. ఇవాళా పోతే మనిషి దక్కదన్నాడు డాక్టరు.

"ఆమదాలవలసలో మీ సెల్లి లిల్లీ ఎక్కుతాది. నీళ్లు గుక్కెడే తాగు."

డాక్టరు కొలిచి ఇమ్మన్న నీళ్లసీసా ఆమె ఒళ్లో ఉంది.

వెనక ఎక్స్‌ప్రెస్ ఆలస్యంగా వస్తోంది. టైముకొచ్చిన ప్యాసింజరు దానికి దారివ్వాలి. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, పెద్దబండి ఆలస్యమంతా చిన్నబండి నెత్తిన పడుతుంది.

కృపావరం స్టేషన్ మాస్టరు ఢిల్లీశ్వరరావు గదిలోకి వెళ్లాడు. ఇన్నేళ్ల సర్వీసులో తనకోసం నోరు తెరవడం ఇదే మొదలు.

"దీన్ని ముందు వదిలీండి బాబూ. ముందు టేసను కోటబొమ్మాళిలో ఆపుకుందురు. మా ఇంటిది ఉంది బండిలో."

మాస్టరు ఫోనులో బండ్లు నడిపించే కంట్రోలు ఆఫీసును బతిమాలాడు, తిట్లు తిన్నాడు. "ఒప్పుకోలేదోయ్."

ఆమధ్య జపాను వెళ్లొచ్చిన ఆఫీసరొకాయన పలాసలో క్లాసు చెప్పాడు. అక్కడ బండి కాస్త లేటైనా పెద్దలు తలవంచి క్షమాపణ అడుగుతారట. సిగ్నలు చూసినవాడు దానికి వేలు చూపించి రంగు పైకి పలుకుతాడట. "మనం ఆళ్లకాడ టైము నేర్సుకుందుము, ఆళ్లు మనకాడ ఓపిక నేర్సుకోవాల" అని ఢిల్లీశ్వరరావు అంటే అందరూ పగలబడి నవ్వారు. కృపావరం మాత్రం ఆ వేలు చూపించడం పట్టుకున్నాడు. స్టేషనంతా వెక్కిరించినా మానలేదు. అలా చేస్తే బండ్లన్నీ టైముకి నడుస్తాయని పిచ్చి నమ్మకం.

"ఇంకెంతసేపు మావా?" జీవరత్నమ్మ ఆయాసపడుతోంది.

"వచ్చెత్తంది. ఓపిక పట్టే."

"పట్టేను కదా." ఒక్క గుక్కతో నాలుక తడుపుకుని మూత బిగించింది. "మిగిలింది లిల్లీ ఎక్కేక."

దూరంగా కూత వినబడింది. కృపావరం మెయిన్ లైను పక్కకి వెళ్లి నిలబడ్డాడు. సిగ్నలు వైపు వేలు చాచి "పచ్చ!" అన్నాడు. జెండా చాపి ఎక్స్‌ప్రెస్‌ను సాగనంపి, దుమ్ము అణగకముందే కిటికీ దగ్గరికి పరుగెత్తాడు.

ఆమె తల కిటికీ ఊచలకి ఆనుకుని ఉంది. పిలిచాడు. బుగ్గ తట్టాడు. మళ్లీ పిలిచాడు. ఊపిరి ఆడటం లేదు.

ఆమెను దించి బెంచీ మీద పడుకోబెట్టారు. ఢిల్లీశ్వరరావు అతని ముందు తలవంచుకుని నిలబడ్డాడు. అంతలో ప్యాసింజరుకు సిగ్నలు పడింది. కృపావరం అలవాటుకొద్దీ వేలెత్తి, సగంలోనే దించేశాడు.

బండి కదిలింది. కిటికీ పక్క ఖాళీ సీటు మీద, ఒక్క గుక్కే తగ్గిన నీళ్లసీసా ఆమదాలవలస వైపు వెళ్లిపోయింది.