ఆరు పూటలు ఆరిన పొయ్యి

“యాప్ చేస్తున్న అత్తమ్మా” అని ఆశ వంటింట్లోంచి అంటే, వరండాలో చింతపండు గింజలు తీస్తున్న శారమ్మకు “యాప చేస్తున్న” అని వినిపించింది. బోధన్‌లో వేపను యాప అనే అంటారు కాబట్టి ఆ చెవుల తప్పేమీ లేదు. “యాపనా? ఎవరికే, కడుపుల పురుగులకా?” అని ఆమె అడిగేలోపు కుక్కరు మూడో విజిల్ వేసింది. కోడలి జవాబు ఆ ఆవిరిలోనే కలిసిపోయింది. పది నిమిషాలకు పక్కింటి ఇస్మత్ గిన్నె పట్టుకుని వచ్చేసింది.

“మందు నూరుతున్నవంట గద ఆశా! మా ఖుష్బూ నెత్తి నిండ పేండ్లే. జర గింత పెట్టు.”

ఆశ తెల్లబోయి ఫోన్ చూపించింది. ఇస్మత్ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, “గిది తాగుడా, పూసుడా?” అంది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. శారమ్మ నవ్వలేదు. “పురుగులు తీసే మందైతే పనికొచ్చు. ఫోన్ గోకితే ఏమొస్తది?” అంది.

నిజానికి ఆమె తెలియకుండానే సరైన మాట అంది. యాప్‌లోనూ పురుగులుంటాయి, బగ్గులంటారు. ఆ నెలంతా ఆశ ఏరుతున్నది వాటినే. ఇరవై రెండేళ్ళుగా బియ్యంలో ఏరిన కన్ను కాబట్టి దొరికినదాన్ని దొరికినట్టే తీసి పారేస్తోంది.

ఆశకు కోడింగ్ రాదు. కోడలింగ్ వచ్చు. కోడలింగ్ అంటే మామ సత్యానందానికి ఉప్పు లేని కూర, భర్త విజయ్ పాల్‌కు కారమున్న కూర, మోకాళ్ళ నొప్పుల అత్తకు మెత్తటి అన్నం ఒకే పొయ్యి మీద ఒకే గంటలో దించి, “ఇంట్ల ఊకెనే ఉంటవ్ గద” అనే మాటను నవ్వుతూ మింగడం. ఇది ఏ కాలేజీలోనూ చెప్పరు. ఇందులో ఆమె ఎప్పుడూ ఫెయిల్ కాలేదు, ఫెయిలైంది ఇంటర్‌లోనే. ఆ సంగతి ఇంట్లో వారానికోసారైనా ఎవరో ఒకరు గుర్తు చేస్తుంటారు, మరిచిపోతుందేమోనని.

యాప్ ఎందుకంటే, వాళ్ళ మెథడిస్టు సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎవరింట్లో చావు జరిగినా ఆ ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు. సంఘంలోని స్త్రీలే వంతులవారీగా పగలు, రాత్రి అన్నం తీసుకెళ్తారు. మొత్తం ఆరు పూటలు. ఎవరి వంతు ఎప్పుడో కుదిర్చే పని పన్నెండేళ్ళుగా స్త్రీల సమాజం సెక్రటరీ ఆశది. కబురు రాగానే ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో ఫోన్, అరవై మందికి అరవై కాల్స్. పోయినేడు నవీపేట్‌లో ఒకరింటికి మొదటి రోజు నాలుగు గిన్నెల పప్పు వెళ్ళింది, మూడో రోజు ఒక్క మెతుకూ వెళ్ళలేదు. “పెద్దాయన నిద్రించిండు సరే, సెక్రటరీ గూడ నిద్రించిందా?” అని ఎవరో అన్నారు. ఆ రోజు ఆశకు నూట రెండు జ్వరమని ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు. ఆకలితో కూర్చున్న ఆ ఇంటి ముసలమ్మ మాత్రం చాలా రోజులు ఆమెకు అన్నం ముద్దలో అడ్డుపడుతూనే ఉంది.

అప్పుడు దొరికింది ఫోన్లో ఒక వీడియో. కోడింగ్ అక్కర్లేదు, కావలసింది తెలుగులో చెబితే చాలు, మెషీనే రాసుకుంటుంది, మనం డబ్బాలు జరుపుకోవడమే అని అందులో అమ్మాయి చెప్పింది. డబ్బాలు జరపడమే కదా, ఉప్పు డబ్బా, పప్పు డబ్బా జరపడంలో ఆశను మించినవాళ్ళు ఎవరనుకుని మొదలుపెట్టింది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు, ఇల్లంతా కునుకు తీసే వేళ. అయినా ఫోన్ ముందు కూర్చున్న ప్రతి అరగంటా ఎవరి దగ్గరో దొంగిలించినట్టే అనిపించేది. మామ దగ్గితే ఉలిక్కిపడి ఫోన్ చింతపండు కింద దాచేది. నిజామాబాద్ హాస్టల్ నుంచి కూతురు ఫోన్ చేసినప్పుడు “మళ్ళ మాట్లాడుత బిడ్డా” అని పెట్టేసి, ఆ సాయంత్రమంతా తనను తాను తిట్టుకునేది. ఒకరోజు పాలు పొంగిపోతే విజయ్ పాల్ అన్నాడు: “ఇంటర్ ఫెయిలైనామె యాప్ చేస్తదంట! నీ లాంచ్ సంగతి తర్వాత, నా లంచ్ సంగతి సూడు ముందు.”

అతని ఎరువుల దుకాణంలో ఆ మాట వారం రోజులు అమ్ముడుపోయింది, యూరియా కంటే వేగంగా.

అయినా లాంచ్ జరిగింది. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు బెన్‌హర్ అయ్యగారు లేచి, “మన విజయ్ పాల్ అన్న ఇంటి నుంచి సంఘానికొక యాప్ వచ్చింది” అన్నారు. విజయ్ పాల్ లేచి నిలబడి అందరికీ వందనాలు చెప్పాడు. ఆశ వెనక వరసలో చప్పట్లు కొట్టింది. అరవై మూడు మంది ఆడవాళ్ళు యాప్‌ను అక్కడే ఫోన్లలోకి దించుకున్నారు. ఎడపల్లి ముత్యం మాత్రం, “గని ఆశక్కా, రెండో రోజు పగటి పూట కనిపిస్తలేదు, సూడు” అంది.

అదే సరిచేయడానికి సోమవారం పొద్దున, భర్త దుకాణానికి వెళ్ళాక, ఆశ కూర్చుంది. ఆ యాప్‌కు రెండు ప్రతులున్నాయి. ఒకటి పరీక్షకు, ఒకటి అసలుది. రెంటికీ ఆమే మూతపెట్టిన గిన్నె బొమ్మ పెట్టింది, ఒకే రంగులో. ఉప్పుకు, చక్కెరకు ఒకేలాంటి సీసాలు పెట్టుకుంటే ఏమవుతుందో తెలిసిన మనిషి, తన యాప్ దగ్గరకొచ్చేసరికి అదే చేసింది. పరీక్ష ప్రతి అనుకుని అసలుది తెరిచింది. సరిచేసింది. సరిగ్గా వచ్చిందో లేదో చూడాలంటే ఒక చావు కావాలి. పోయినవారి పేరు అడిగే గడిలో ముందు ఒక పేరు రాసింది, అది కుదరలేదు. చెరిపేసి, “శారమ్మ” అని రాసింది.

క్షణంలో పట్టిక వచ్చింది. మూడు రోజులు, ఆరు పూటలు, ఆరుగురు ఆడవాళ్ళు. రెండో రోజు పగలు కూడా చక్కగా కనిపించింది. ఆరింటిలో ఎక్కడా ఆశ పేరు లేదు, చావు ఇంటివాళ్ళు వండరు కాబట్టి. ఆమె ఆ పట్టికను చూస్తూ ఉండిపోయింది. ఆరు పూటలు తన పొయ్యి ఆరి ఉంటుంది. బియ్యం నానబెట్టనక్కర్లేదు, “కూరేంది?” అనే ప్రశ్నకు జవాబు వెతకనక్కర్లేదు. ఛాతీలో ఏదో తేలిగ్గా లేచింది. ఆ తేలికలోనే “పంపు” నొక్కింది. నొక్కాక, అత్త పేరు పక్కన “ప్రభువునందు నిద్రించారు” అన్న మాట చదువుకుని సిగ్గుపడి, ఫోన్ చార్జింగ్‌కు పెట్టేసి, బట్టల బకెట్ ఎత్తుకుని, ఉతికి ఆరేయడానికి మిద్దె మీదికి పోయింది.

కింద గోల వినిపించి పరుగున దిగేసరికి వాకిట్లో ఆటో ఉంది. ముత్యం అన్నం గిన్నె కింద పెట్టి గుండె బాదుకుంటూ, “ఓ శారమ్మత్తో! నిన్ననే గుడిల చెయ్యి పట్టుకొని మాట్లాడితివి గదనే!” అని ఏడుస్తోంది. వెనక మరో పది మంది. ఎదురుగా పీట మీద చింతపండు చేత్తో పట్టుకుని శారమ్మ.

“ఎవలు పోయిండ్రే ముత్యం?” అంది శారమ్మ, తానూ ఏడవడానికి సిద్ధపడుతూ.

ముత్యం ఏడుపు నోట్లోనే ఆగింది. ఒకామె ఫోన్ తీసి శారమ్మ ముఖం ముందు పెట్టింది, పెట్టకూడదని పెట్టాక తెలుసుకుంది. శారమ్మ పేరు వరకు కూడబలుక్కుని చదివింది. మిగతాది చదవలేదు. చింతపండు పీట మీద పెట్టి, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆశ వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది. “అత్తమ్మా” అంది. శారమ్మ కాళ్ళు దగ్గరికి లాక్కుంది. “ముత్యం ఎట్ల ఏడిసింది సూసినవా?” అంది గోడతోనే. “నేను ఆమెకు ఏం చేసిన్నని? ఊకె ఏడ్వరు గద మనుషులు.” కొంగు ముఖం మీదికి లాక్కుని, “నువ్వు బట్టలు ఆరేస్తున్నవ్” అంది. అందులో నిందేమీ లేదు, ఉన్న సంగతి చెప్పింది. అందుకే అది ఆశకు సూదిలా దిగింది. ముప్ఫై ఏళ్ళు ఈ ఇంటి పొయ్యి ఊదిన మనిషి ఆమె. మోకాళ్ళు అరిగాక కదా గరిటె తనకిచ్చింది. ఆమె చావును గడిలో రాసి, తాను చల్లగా ఊపిరి పీల్చుకుంది.

విజయ్ పాల్ వచ్చాడు. ఒక కాలికి చెప్పు లేదు, ముఖమంతా కన్నీళ్ళు. తల్లిని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చి, ఆమె “ఏ, పోరా, బతికే ఉన్న” అన్నాక లేచి ఆశను వంటింట్లోకి లాగాడు. పళ్ళు బిగించి అన్నాడు: “ఇజ్జత్ తీసినవ్. బయటికి పోయి, ఎవడో హ్యాక్ చేసిండని చెప్పు. అందరికి అర్థమైతది. ఇప్పుడే తీసెయ్ దాన్ని. మళ్ళ ఫోన్ ముట్టినవంటే సూడు.”

వాకిట్లో ఇంకా జనం వస్తున్నారు. అయ్యగారు కూడా వచ్చారు. యాప్ తన పని తాను ఒక్క తప్పు లేకుండా చేస్తోంది. పగటి వంతు ముత్యం తెచ్చింది, రాత్రి వంతామె “ఇంకా వండాల్నా, వద్దా?” అని అడగడానికి వచ్చింది. నాలుగు గిన్నెల పప్పు రాలేదు. పన్నెండేళ్ళలో ఇంత పద్ధతిగా ఏ చావూ జరగలేదు, పోయినవాళ్ళు మాత్రమే తక్కువ.

“మెషీన్ గదమ్మా, మెషీన్లు తప్పు చేస్తయి” అన్నారు అయ్యగారు దయగా. “ప్రార్థన చేసుకొని పోదాం.”

తలుపు తెరిచే ఉంది. ఒక్క “అవునయ్యగారూ” అంటే చాలు, బయటపడొచ్చు. ఆశ నోరు తెరిచింది. మెషీన్ మీద వేసేస్తే అత్త ఆ గోడ వైపే పడుకుని, ఆ మెషీన్‌కు తన పేరు ఎలా తెలిసిందా అని బతికినంతకాలం ఆలోచిస్తుంది.

“మెషీన్‌ది తప్పు లేదయ్యగారు” అంది. “ఎవరు హ్యాక్ చేయలే. పరీక్ష చేస్తున్న అనుకొని అసలుదాంట్ల నొక్కిన. అత్తమ్మ పేరు నేనే రాసిన.”

విజయ్ పాల్ తల పట్టుకున్నాడు. లోపలి గది గడప మీదికి శారమ్మ ఎప్పుడొచ్చిందో వచ్చింది. “అరవై మంది ఉండంగ నా పేరే దొరికిందా ఆశా?” అంది.

“ముందు నా పేరే రాసిన అత్తమ్మా.”

ఆశ అత్త వైపే చూస్తూ చెప్పింది.

“నా పేరు రాయంగనే, ఆ ఇంట్ల వంట ఎవరు చేస్తరని యాప్ అడిగింది. అట్ల అడగమని నేనే పెట్టిన, ఆ మనిషికి వంతు వెయ్యొద్దని. ఆశ అని రాసిన. సచ్చినామె పేరు చెల్లది, ఇంకొక పేరు రాయుమన్నది. ఎవరి పేరు రాయాలె? మీకు మోకాళ్ళు. మామయ్య, ఈయన ఏనాడు పొయ్యి కాడికి రాలే. రాయనీకె ఇంకో పేరు లేక, నేను సావలేకపోయిన. అందుకే చెరిపేసి మీ పేరు పెట్టిన. ఆరు పూటలు నాకు వంట లేదని సూసి సంతోషపడ్డ అత్తమ్మా. మీరు పోతరని కాదు. పొయ్యి ఆరుతదని. గది నా తప్పు. గది మాత్రం నాదే.”

ముత్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఈసారి ఏడుపు పక్కనున్నవాళ్ళకూ వినిపించనంత మెల్లగా వస్తోంది. విజయ్ పాల్ మాత్రం, “అయితే తీసెయ్, ఇప్పుడే, అందరి ముంగట తీసెయ్” అన్నాడు.

ఆశ చార్జింగ్ నుంచి ఫోన్ తీసింది. పందొమ్మిది మిస్డ్ కాల్స్ పక్కకు జరిపి, యాప్ తెరిచింది.

“యాప్ తియ్య” అంది. “ఈ ఊర్ల ఆడమనిషి పొయ్యి మూడు దినాలు ఆరాలంటే, ఇంట్ల ఎవరో ఒకరు సావాల్నని దీంట్ల రాసింది నేనే. గా షరతు తీసేస్త.”