గొల్యాతు పడాలి

మార్తమ్మ నోట "బాగుంది" అనిపించుకోవడం కె.ఆర్.పురం తెలుగు చర్చిలో ఎవరికీ అంత తేలిక కాదు. ఏళ్ల తరబడి క్రిస్మస్ నాటకం ఆడించింది ఆవిడే. ఆసుపత్రిలో నర్సు డ్యూటీ దిగి నేరుగా రిహార్సల్‌కి వచ్చేది. నాటకం అయ్యాక పిల్లలంతా వేషాలు విప్పకుండానే చాప మీద కూర్చుంటే, టీ తాగుతూ ఒక్కొక్కరి తప్పూ తీరిగ్గా చెప్పేది. పాస్టరుగారి కూతురని చూసేది కాదు, కొత్తగా వచ్చిన పిల్లాడని చూసేది కాదు. బాగాలేనిదాన్ని బాగుందనీ, బాగున్నదాన్ని బాగాలేదనీ ఆవిడ ఏనాడూ అనలేదు. సొంత కొడుకు జోనాకయితే అసలు వేషమే ఇవ్వలేదు. "నీకు నోరు తిరగదు నాయనా, తెర లాగు" అంది. వాడు ఏటేటా తెర లాగాడు.

అలాంటి మనిషి ఆ ఆదివారం ఆరాధన ముగించుకుని, వర్తూరులో ఒక కల్యాణ మండపానికి రెజ్లింగ్ చూడటానికి వచ్చింది. ఊరికే రాలేదు. ఈ కుస్తీల పిచ్చిలో పడి నిక్షేపంలాంటి ఉద్యోగం వదిలేసిన జోనా, పోయిన నెల భుజం వాచి ఇంటికొచ్చాడు. తల్లీకొడుకులు మాటా మాటా అనుకున్నారు. చివరికి వాడే అన్నాడు, "ఒక్కసారి వచ్చి చూడుమా. మన నాటకం చూసినట్టే చూడు. బాగాలేదంటే ఆ పొద్దే మానేస్తా." అంటే ఒక్క మాటతో కొడుకు ఎముకలు దక్కుతాయి. ఆ మాటను దారి పొడుగునా మనసులో చప్పరిస్తూనే వచ్చింది మార్తమ్మ.

హాల్లో నిన్నటి పెళ్లి మల్లెల వాసన ఇంకా పోలేదు. నేల మీద అక్షింతలు, వాటి మధ్య తాళ్లు కట్టిన రింగు. పెళ్లికొడుకు కూర్చునే పెద్ద కుర్చీలో మైకు పట్టుకుని వ్యాఖ్యాత. నీలం లైట్ల కింద పొగ మెల్లగా పాకుతోంది, రేకుల మీద వాన ఒకటే జోరు. తను మేలుకుని ఉందో, చర్చిలో ప్రసంగం మధ్యలో కునుకు తీస్తోందో మార్తమ్మకి కాసేపు తెలియలేదు.

పక్కన జోనా స్నేహితుడు శశిధర్ కూర్చున్నాడు. వరంగల్ వాడు, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆదివారాలు ఇలాంటి షోలకి వచ్చి, మ్యాచ్‌కి ఇన్ని స్టార్లని ఫోన్‌లో రాసి పెడుతుంటాడు.

"ఆంటీ, ముందే చెప్తున్న. ఎవరు గెలుస్తరో ముందే రాసి ఉంటది. కొట్టుడు యాక్టింగే. పడుడు మాత్రం నిజం."

"మా నాటకంలో మాత్రం ఆ దుర్మార్గపు రాజు హేరోదు గెలుస్తాడేమో అని చూస్తారా అప్పా?" అంది మార్తమ్మ.

మొదటి మ్యాచ్‌లో ఇద్దరు కుర్రాళ్లు ఊపిరి తీసుకోకుండా ఎగిరారు, దూకారు. శశిధర్ మురిసిపోయి మూడున్నర స్టార్లు అన్నాడు.

"దెబ్బ తగిలింది ఎడం కాలికి. కుంటుతాండేది కుడి కాలు. చూడు" అంది మార్తమ్మ.

శశిధర్ చూశాడు. ఒక స్టారు కొట్టేశాడు.

రెండో మ్యాచ్‌లో కండలవీరుడు చొక్కా చింపుకున్నాడు. హాలంతా ఈలలు. మార్తమ్మ మాత్రం పెదవి విరిచింది. "వీడు కొట్లాడతా లేడు. కొట్టినప్పుడల్లా జనం దిక్కు చూస్తాండాడు. మా గాబ్రియేలు దూత ఇట్లే, మరియమ్మను వదిలేసి వాళ్లమ్మ యాడ కూర్చుందా అని చూస్తాండె."

ఆ తర్వాత లైట్లు ఆరిపోయాయి. చీకట్లోంచి వ్యాఖ్యాత అరిచాడు, "గొల్యాత్!"

మార్తమ్మ గుండె ఝల్లుమంది. ఆ పేరు ఆవిడ నాటకంలోది. క్రిస్మస్ నాటకంతో పాటు ఆడించే దావీదు నాటకంలో, చిన్న దావీదు చేతిలో పడే ఆ రాక్షసుడి వేషం ఏటా చర్చి కుర్రాడు ఫిలిప్‌ది. తెల్ల ప్యాంటు మాసిపోతుందని వాడు పడేవాడు కాదు, నెమ్మదిగా కూర్చునేవాడు. "గొల్యాతు పడాలిరా. వాడు సరిగ్గా పడకుంటే దావీదు దావీదే కాడు" అని ఆవిడ గొంతు పోయేలా అరిచేది. ఫిలిప్‌కి అది ఏనాడూ ఎక్కలేదు. తెర వెనక ఇంకొకడు విన్నాడని ఆవిడకి ఇప్పుడే తెలిసింది.

పొగలోంచి గొల్యాతుగా జోనా వచ్చాడు. విలన్ వేషం కదా, జనం ఛీకొట్టారు. కన్నకొడుకుని అంతమంది తిడుతుంటే మార్తమ్మకి ఏడుపొచ్చింది, ఆ వెంటనే గర్వంగానూ అనిపించింది. ఎదురుగా చిన్ని అని బక్కపలచటి కొత్త కుర్రాడు, మొదటి మ్యాచ్. వాడు తాడెక్కి దూకబోయి జారి, చతికిలపడ్డాడు. హాలు గొల్లుమంది. ఆ కుర్రాడి ముఖంలో రక్తం లేదు. ఆ ముఖం మార్తమ్మకి తెలుసు, మాట మరిచిపోయిన పిల్లల ముఖం.

జోనా నడుం మీద చేతులు పెట్టుకుని అందరికంటే పెద్దగా నవ్వాడు. రింగు చుట్టూ తిరిగి మరీ నవ్వాడు. దాంతో జనం నవ్వు చప్పబడింది. ఆ బక్కవాణ్ని చూసి వీడు నవ్వడమేమిటని అందరికీ కోపం వచ్చింది. "చిన్ని, చిన్ని" అని హాలంతా ఒక గొంతయింది. కుర్రాడు లేచి, పరుగెత్తుకొచ్చి మోచేత్తో ఒక్కటిచ్చాడు.

జోనా పడలేదు. నుదుటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. వాన చప్పుడు కూడా ఆగినట్టయింది. మెల్లగా ఊగాడు, ఎవరో పిలిచినట్టు పైకి చూశాడు, అప్పుడు పడ్డాడు. ఆ పడటం మార్తమ్మకి ఎంతకీ అయిపోలేదు. మంచం మీంచి పడ్డ పసివాడు, సైకిలు మీంచి పడ్డ పిల్లాడు, తెర తాడు పట్టుకుని తూగుతున్న కుర్రాడు, అందరూ ఆ నీలం వెలుగులో ఒక్కసారే కిందికి దిగుతున్నారు. వీపు నేలకి తగిలిన చప్పుడుకి ఆవిడ లేచి నిలబడింది. జనమూ లేచారు, వాళ్లు చిన్ని కోసం. ఆవిడ కొడుకు ఛాతీ పైకి లేస్తోందా లేదా అని చూస్తోంది. లేచింది.

"ఆంటీ, ఎన్ని స్టార్లు?" అన్నాడు శశిధర్. ఆవిడ చూపు ఇంకా ఆ ఛాతీ మీదే ఉంది.

హాలు ఖాళీ అయ్యాక జోనా వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. ప్లాస్టిక్ కవరులో ఐసు భుజం మీద పెట్టుకున్నాడు. దూరంగా చిన్నిని తోటి రెజ్లర్లు భుజాల మీద మోస్తున్నారు.

"చెప్పుమా" అన్నాడు.

మార్తమ్మ ఆ భుజం వైపు చూసింది. దాచి తెచ్చుకున్న మాట నాలుక మీదే ఉంది. బాగాలేదు. అంతే. రేపట్నించి కొడుకు ఇంట్లో ఉంటాడు, కడుపునిండా తింటాడు, ఏ ఆఫీసుకో పోతాడు. నోరు తెరిచింది.

"వచ్చేటప్పుడు నడక ఎక్కువయింది" అంది. "రెండోసారి నవ్వినావు చూడు, అది అక్కర్లేదు. మొదటిదే చాలు."

జోనా తల వంచుకున్నాడు. "ఇంకా?"

ఇంకా చాలా చెప్పాలనుకుంది. ఒక్క తప్పూ దొరకలేదు. కళ్లు నిండిపోయాయి. తన నోటితోనే కొడుకుని పోగొట్టుకుంటోందని తెలిసీ అంది, "పడింది బాగుండాది నాయనా."

వాడు తలెత్తలేదు. అంత పెద్ద మనిషీ అక్షింతల మీద చూపు పెట్టి చిన్నపిల్లాడిలా ముక్కు ఎగబీల్చాడు.

మార్తమ్మ ఐసు కవరు లాక్కుని, వాపు ఎక్కడుందో వేళ్లతో వెతికి, అక్కడ పెట్టి గట్టిగా పట్టుకుంది.

"మళ్లా ఎప్పుడు పడతావు?" అని అడిగింది.