డ్రమ్ము ముందు చెప్పులు

“ఆపు మావా! ఆపు!”

అరిచిందెవరో తెలియదు. పెద్ద డ్రమ్ము అప్పటికే గిర్రున తిరిగింది. లోపలినుంచి వచ్చిన చప్పుడు తడి దుప్పట్లది కాదు. మిషన్ మావ ఎర్ర మీటను అరచేత్తో గుద్దాడు. డ్రమ్ము మూలిగి ఆగింది. ఇద్దరు మనుషులు గుండ్రటి తలుపు లాగి తెరిచి, పొట్టోణ్ణి చంకల కింద చేతులు వేసి బయటికి తీశారు. అతని పిడికిట్లో పీచు గీకే బ్రష్షు ఇంకా బిగిసే ఉంది. కళ్లు మాత్రం తెరవలేదు.

ఇస్త్రీ బల్ల దగ్గర పిన్ని కదల్లేదు. చేతి కింద తెల్ల దుప్పటి కమిలి వాసన కొట్టేదాకా ఇస్త్రీపెట్టె ఎత్తాలని కూడా తోచలేదు.

ఆ లాండ్రీలో అందరికీ ఆమె పిన్నే. హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రుల దిండు గలేబులు ఆమె చేతి మీదుగానే బయటికి వెళ్లాలి. బక్కపలచని మనిషి. ఏళ్ల తరబడి ఆవిరి తగిలి వేళ్ల చివర్లు నునుపెక్కి మెరుస్తుంటాయి. వంకరగా ఉన్నదేదైనా కంటపడితే ఊరుకోలేదు. గోడ మీది గడియారమైనా, ఉతికినవి మడతపెట్టే మడతల పిల్ల జడలో రిబ్బనైనా సరిచేసి తీరాలి. “పిన్ని పక్కన ఎక్కువసేపు నుంచోకండిరా, మనల్నీ నాలుగు మడతలు పెట్టేస్తుంది” అని పొట్టోడే అందరికంటే ఎక్కువ ఏడిపించేవాడు.

పొట్టోడి పని డ్రమ్ములో దూరి, గోడలకు అంటుకున్న పీచూ సబ్బు మడ్డీ గీకడం. నేలంతా తడి కాబట్టి హాల్లో అందరూ ఉత్త కాళ్లతోనే తిరుగుతారు. చెప్పులన్నీ గుమ్మం దగ్గర అరలో ఉండాలి. పొట్టోడికి ఒక్కడికే మినహాయింపు. లోపలికి దూరే ముందు తన చెప్పులు తెచ్చి, ముందు భాగం డ్రమ్ము వైపుండేలా జతగా పెడతాడు. చెప్పులుంటే మనిషి లోపలున్నట్టు, లేకపోతే లేనట్టు. ఈ పద్ధతి పెట్టిందెవరో ఎవరికీ గుర్తులేదు. ఎన్నడూ తప్పింది లేదు.

ఈ పొద్దున దుప్పట్ల బండి ఒకటి అటుగా పోతూ వాటిని తన్నేసింది. పిన్ని చూసేసరికి ఒక చెప్పు బోర్లా పడి ఉంది, రెండోది కాలువ పక్కన నీళ్లలో నానుతోంది. పని ముగించుకుని మరిచిపోయి వెళ్లాడనుకుంది. డ్రమ్ములోకి తొంగిచూడాలంటే కాస్త వంగితే సరిపోయేది. వంగలేదు. చెప్పులు గుడ్డతో తుడిచి, గుమ్మం దగ్గర అరలో జతగా సర్దింది. “బుద్ధిలేని వెధవ” అని ముద్దుగా తిట్టుకుంది కూడా.

ఆమె బతుకంతా అనుకోవడంతోనే గడిచింది. పని మీద వెళ్లిన మొగుడు సాయంత్రానికి వచ్చేస్తాడనుకుని వంట చేసి మూతపెట్టింది. అతను వేరే ఊళ్లో వేరే కాపురం పెట్టాడని చాలాకాలానికి తెలిసింది. అప్పుడు దెబ్బ తగిలింది ఆమె ఒక్కదానికే.

పొట్టోణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లిన కాసేపటికి లాండ్రీ కంపెనీ ఆఫీసరు వచ్చాడు. అందరినీ వరసగా నిలబెట్టి, మావ ముందు ఆగాడు.

“నువ్వు అస్యూమ్ చేశావు.”

“నేనేం చెయ్యలేదండీ. తలుపు మూసి మీట నొక్కానంతే.”

“అస్యూమ్ అంటే, మావా,” పరీక్షలకు చదువుకుంటున్న మడతల పిల్ల మెల్లగా అందుకుంది, “కళ్లతో చూడకుండానే ఫలానాదని ఖాయం చేసేసుకోవడం.”

“దానిక్కూడా ఇంగ్లీషు మాట కావాలా? పుట్టిన దగ్గర్నుంచీ చేస్తున్నది అదేగా! కానీ ఇవాళ చూశానండీ. డ్రమ్ము ముందు చెప్పుల్లేవు. అరలో ఉన్నాయి. నా కళ్ల మీద ఒట్టు.”

“బాధ్యత నెత్తిన వేసుకోవడానికీ అదే మాట వాడతారండీ,” అంది పిల్ల.

“అది ఇక్కడ అక్కర్లేదు,” అన్నాడు ఆఫీసరు.

పిన్ని నోరు తెరిచింది. మళ్లీ మూసుకుని కొంగు అంచు సరిచేసుకుంది. పొట్టోడు కళ్లు తెరుస్తాడు, అప్పుడు ముందు వాడికే చెప్పుకుందాం, నవ్వి నాలుగు తిడతాడు, ఆ తర్వాత అందరికీ చెప్పొచ్చు అనుకుంది. అనుకున్న మరుక్షణం తన మీద తనకే భయం వేసింది. ఇదీ అనుకోవడమే.

ఎండ కిటికీ దిగే వేళకు ఫోను మోగింది. ఆఫీసరు విన్నాడు. ఫోను బల్ల మీద బోర్లించాడు. మావ వెళ్లి, తిరుగుతున్న మిషన్లన్నీ ఒక్కొక్కటే కట్టేశాడు. పనివేళలో ఆ హాలు అంత నిశ్శబ్దంగా ఉండగలదని పిన్నికి అప్పటిదాకా తెలియదు.

తర్వాత అంతా చకచకా తేలిపోయింది. చెప్పులు అరలోనే ఉన్నాయంటే, డ్రమ్ము ముందు పెట్టడం పోయినవాడే మరిచిపోయాడు. మావ తప్పేం లేదు. ఎవరి తప్పూ లేదు. హాల్లో అందరూ ఊపిరి వదిలారు. పిన్ని గుండెల్లోంచి కూడా ఒక బరువు జారింది. ఆ తేలికే ఆమెకు కత్తిలా గుచ్చుకుంది. చచ్చిపోయినవాడు వచ్చి కాదనలేడు కదా!

పొట్టోడి భార్య అతని వస్తువుల కోసం వచ్చింది. మేకుకు వేలాడే చొక్కా, జేబులో దువ్వెన, సగం ఖాళీ అయిన దగ్గు బిళ్లల పొట్లం. అంతే. ఆఫీసరు గొంతు తగ్గించి ఆమెకు జరిగింది చెప్పాడు.

“మర్చిపోయారా?” అంది ఆమె. “పొద్దున నేనే గొడవపడ్డానండీ. కాఫీ కూడా తాగకుండా విసురుగా వచ్చేశారు. ఆ ధ్యాసలోనే మర్చిపోయుంటారు. నేను నోరు మూసుకునుంటే మనిషి దక్కేవాడు. చంపుకున్నాను బాబోయ్, నా నోటితో నేనే చంపుకున్నాను!”

“ఊరుకోమ్మా, నీ తప్పేముంది?” అన్నాడు మావ. ఆ మాటలో బలం లేదు.

పిన్ని చేతులు వాటంతటవే ఆ చొక్కాను బల్ల మీద పరిచాయి. చొక్కా ఒక చేతిని మడిచాయి. రెండో చెయ్యి దగ్గర ఆగిపోయాయి. ఇంకొంచెం సేపు నోరు మెదపకపోతే చాలు, వాడి పెళ్లాం ఆ మాటను నెత్తిన పెట్టుకుని ఇంటికి వెళ్లిపోతుంది. ప్రతి పొద్దునా కాఫీ కాచినప్పుడల్లా తనే చంపానని అనుకుంటుంది.

పిన్ని చొక్కాను సగం మడతలోనే వదిలేసి, వెళ్లి ఆమె ఎదుట నిలబడింది.

“నీ మొగుడు ఏమీ మర్చిపోలేదమ్మా. గొడవపడి వచ్చినా సరే, చెప్పులు పెట్టాల్సిన చోటే పెట్టి లోపలికెళ్లాడు. అక్కణ్ణుంచి తీసి అరలో పెట్టింది వేరే మనిషి.”

“ఎవరు?” అంది ఆమె.

ఆఫీసరు తలెత్తాడు. మావ కూడా.

“నేను,” అంది పిన్ని. “నేనే తీశాను.”