ఉంగరం కింద

పెళ్ళయి పదకొండు రోజులు. రోజుకు ఇరవైసార్లు వేలు చూసుకుని నవ్వుకునేవాణ్ణి. ఉంగరం తొడుగుతూ రెజీ, "నెల తిరిగేదాకా తీయకండి. తీస్తే కాపురం వదులవుతుందట, మా అమ్మమ్మ చెప్పేది" అంది. వైద్యం చదివినవాణ్ణి, నవ్వాల్సింది. ఉంగరానికి ముద్దు పెట్టాను.

వియన్నాలో మా ఆసుపత్రికి రెండు పురిటి వార్డులు. ఒకటి మంత్రసానులది, ఒకటి డాక్టర్లది. కొత్తవాళ్ళను చేర్చుకునే వంతు రోజూ సాయంత్రం నాలుగింటికి మారుతుంది. మా వార్డులో బాలింత జ్వరాలు ఎక్కువ. అందుకని నిండు చూలాళ్ళు గేటు బయట బెంచీ మీద పళ్ళు బిగించుకుని మంత్రసానుల వంతుకోసం కూర్చునేవారు. 1847 మే నెలలో మా గుమ్మం దగ్గర బ్లీచింగ్ నీళ్ళ తొట్టి పెట్టారు. శవాల గదిలో కోతలు నేర్చుకుని వచ్చినవాళ్ళు చేతులు రుద్దుకోందే లోపలికి పోకూడదు. జ్వరాలు తగ్గాయి. ఎందుకు తగ్గాయో మాలో సగంమంది ఒప్పుకోలేదు.

"నేను చేసుకున్నది డాక్టర్నా, బట్టలు చలువ చేసేవాణ్ణా?" అని రెజీ నా చేతులు వాసన చూసి ముక్కు మూసుకునేది. మళ్ళీ ఆ చేతినే చెంపకు ఆనించుకునేది.

ఆ మంగళవారం శవాల గది నుంచి వస్తుంటే బెంచీ మీద రెజీ, పక్కన మెలికలు తిరిగిపోతూ వాళ్ళక్క జెంజి.

"ఇంకో అరగంటేనే!" అంటోంది జెంజి.

"నొప్పులకు గడియారం చూడ్డం రాదక్కా."

జెంజి నన్ను చూసింది. "మరిదీ, మీ వార్డు మాత్రం వద్దు. నీకు దణ్ణం పెడతా."

బిడ్డ ఆగేలా లేదు. ఆయాలు వచ్చి మా వార్డుకే మోసుకుపోయారు. రెజీ నా చొక్కా పట్టుకుంది. "ఏమండీ, అక్కను మీరే చూడాలి."

తొట్టికి కాపలా ఉండే ఆయా అపొలోనియమ్మ బ్రష్‌తో నిలబడి ఉంది.

"ఉంగరం తీయండి, అయ్యగారూ."

"దాంతోటే కడుక్కుంటాగా."

"అంటే ఇన్నాళ్ళూ నా కళ్ళుగప్పి అలాగే పోయారన్నమాట! తీయండి."

"కొత్త పెళ్ళికొడుకుని, అపొలోనియమ్మా."

"నేను ముగ్గురు మొగుళ్ళని చేసుకున్నదాన్ని. ఉంగరం తీశానని ఒక్కడూ పారిపోలేదు. చచ్చారంతే. తీయండి."

లోపల జెంజి కేక పెట్టింది. సబ్బు రాసి లాగాను. వేలి చుట్టూ బూడిదరంగు చార. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. శవాల గది వాసన, నేను ముద్దు పెట్టిన ఉంగరం కింద. నిన్న నలుగురు చూలాళ్ళని చూసింది ఈ చేత్తోనే. చర్మం మండేదాకా రుద్దాను. అపొలోనియమ్మ "ఇక చాలు" అన్నాక కూడా రుద్దాను.

నాలుగు కొట్టకముందే ఆడపిల్ల పుట్టింది.

ఇంటికి రాగానే రెజీ కళ్ళు బోసి వేలి మీద పడ్డాయి. ఏదీ దాచకుండా చెప్పాను. విని, జడ రిబ్బను విప్పి, ఉంగరం కడిగి దానికి గుచ్చి తన మెడలో కట్టుకుంది. "పగలు నా దగ్గర, సాయంత్రం మీ దగ్గర. మా అమ్మమ్మ శవాల గది చూళ్ళేదు, పాపం."

రోజూ పొద్దున్నే జెంజి నుదురు ముట్టి చూసేవాణ్ణి, ఆ నలుగురివీ కూడా. ఒకామెకు రెండు రోజులు ఒళ్ళు కాలింది. ఆ రెండు రోజులూ నాకు అన్నం సయించలేదు. మూడోనాడు జ్వరం దిగింది. జెంజికి అసలు రానేలేదు.

తొమ్మిదోనాడు పిల్లనెత్తుకుని గుమ్మం దాటుతూ జెంజి, "మీ వార్డులో పడుకుని బతికొచ్చానంటే మా వీధిలో నమ్మరు. వచ్చి సాక్ష్యం చెప్పు, మరిదీ" అంది.

ఆ సాయంత్రం మా ఇంట్లో ఆప్రికాట్ పళ్ళు పిండిలో పొదిగి ఉడికించే ఉండలు. రెజీ నా రెండు చేతులూ వాసన చూసి, మెడలోంచి ఉంగరం తీయబోయి ఆగింది.

"ముందు పిండి పిసకండి. ఉంగరం తర్వాత."