పన్నెండు గంటల మరణవార్తలు

మా రేడియో స్టేషన్ చరిత్ర రాసి పెట్టమని చర్చి పిల్లలు అడిగారు. "మంచి మాటలే రాయి లూడెల్లా అత్తా, పటం కట్టి గోడకి తగిలిస్తాం" అన్నారు. గోడకి తగిలించుకోవడానికి బొమ్మలుంటాయి, అవి తగిలించుకోండర్రా. నేను రోస్కో సంగతి రాస్తాను. ఇష్టముంటే చదవండి, లేకపోతే చింపి పారెయ్యండి.

అలబామాలో, మా కౌంటీ మొత్తానికి, నల్లవాళ్ళ చేతిలో ఉన్న స్టేషన్ అదొక్కటే. దాన్ని పెట్టినవాడు ఎజ్రా టార్ప్లీ. అంతకుముందు తెల్లవాళ్ళ స్టేషన్ వాళ్ళు తెల్లవారుజామున ఒక గంట మాకు విసిరేసేవారు, కోళ్ళు కూడా లేవని వేళ. ఆ గంటలో భక్తి పాటలు వేసీ వేసీ విసిగిపోయి, సొంతంది పెడతానని టార్ప్లీ గారు పంతం పట్టాడు. ఆయన తన ఇల్లు తాకట్టు పెట్టాడు. ఆడవాళ్ళం శనివారం శనివారం క్యాట్‌ఫిష్ వేయించి పొట్లాలు కట్టి అమ్మాం. మగవాళ్ళు సిమెంటు దిమ్మెలు మోశారు. చప్పుడు చొరబడకుండా చదివే గది గోడలకి కోడిగుడ్ల అట్టలు అతికించింది నేనే. టవర్‌కి మాత్రం మిట్ట నేల కావాల్సి వచ్చింది. మాలో ఎవరికీ అలాంటి నేల లేదు కాబట్టి, ఒక తెల్ల రైతు పచ్చికబయల్లో కొంత చోటు కౌలుకి తీసుకున్నాం. అది నిలబడిన రోజు పిల్లా పెద్దా అందరం మెడలు నొప్పెట్టేలా పైకి చూస్తూ ఏడ్చాం.

పాటలదేముంది, ఎవరైనా వేస్తారు. మా స్టేషన్‌కి ప్రాణం మధ్యాహ్నం పన్నెండింటి మరణవార్తలు. ఊరి పత్రిక మా చావులు వేసేది కాదు, వేసినా తనకి నచ్చినట్టు వేసేది. అందుకే టార్ప్లీ గారు మొదటి రోజునుంచీ ఒక నియమం పెట్టాడు. ఇంటివాళ్ళు ఏ మాట చెబితే ఆ మాటే చదవాలి, ఒక్క ముక్క మార్చకూడదు. మిగతా కార్యక్రమాలన్నీ ఆయన గొంతులోనే, ఇవి మాత్రం చదివేది నేను. "అల్లుడు గుక్కెడు నీళ్ళియ్యక పోయింది" అని ఒక ముసలమ్మ కూతుళ్ళు చెబితే అలాగే చదివాను. ఆ అల్లుడొచ్చి మా తలుపు తన్నాడు. తన్నుకోనీ.

పన్నెండయ్యేసరికి తెల్లవాళ్ళ వంటిళ్ళలో మావాళ్ళు గరిటెలు పక్కన పెట్టేసేవారు. దొరసానులు ఎంత గొణిగినా ఆ కాసేపు కాఫీ కూడా దొరికేది కాదు. రేడియోలో చదవని చావుకి ఎవరూ కదిలేవారు కాదు. చదవకుండా పూడిస్తే మనిషిని దొంగచాటుగా పాతేసినట్టే లెక్క మాకు.

స్టేషన్ పెట్టిన కొన్నేళ్ళకి, ఒక ఆగస్టులో, దొరసాని ఇంట్లో వంట చేసే వెర్నెల్ స్టబ్స్ కొడుకు రోస్కోని, తాగి కారు నడిపాడని షెరీఫ్ కింది పోలీసులు, ఆ డిప్యూటీలు, పట్టుకెళ్ళారు. మర్నాడు శవాన్ని ఇచ్చారు. గుండె ఆగిపోయిందన్నారు. కొడుకుని వెర్నెల్ తన చేతులతోనే కడిగింది. కడిగి, తడి చేతులు గౌనుకి తుడుచుకుంటూ తిన్నగా స్టేషన్‌కి వచ్చింది.

"లూడెల్లా, నే చెప్పేది జాగ్రత్తగా విను. రోస్కో స్టబ్స్, ఇరవై రెండేళ్ళు. కౌంటీ జైల్లో డిప్యూటీలు కొట్టి చంపారు. అంతే. ఇందులో ఒక్క మాట తగ్గినా నీ జుట్టు పట్టుకుంటా."

"తగ్గించడానికి నేనెవర్ని అక్కా?" అన్నాను.

"వాడి పక్కటెముకలు ఉండాల్సిన చోట లేవే. వేళ్ళతో తడిమి చూశాను. పాలు పట్టినప్పుడు తడిమేదాన్ని కాదూ, నాకు తెలీదా?"

ఆ తల్లిని పట్టుకుని ఏడ్చాను. ఆవిడ మాత్రం ఏడవలేదు. ఆవిడకి కావలసింది ఒక్కటే, రేపు పన్నెండింటికి ఆ మాట గాల్లోకి వెళ్ళాలి, అన్ని వంటిళ్ళలోనూ వినపడాలి.

మర్నాడు పదకొండు దాటాక ఒక డిప్యూటీ వచ్చాడు. టోపీ తియ్యకుండానే నా బల్ల అంచు మీద కూర్చున్నాడు. వాడికి పాతికేళ్ళుంటాయేమో, టార్ప్లీ గారికి అరవై దాటాయి.

"ఏరా ఎజ్రా, టవర్ బాగుందిరా. ఆ పచ్చిక మా మావదే, తెలుసుగా? టవర్‌ని పట్టుకున్న ఇనప తీగలు కాస్త చూసుకుంటూ ఉండు. గాలికి తెగుతాయి, ఒక్కోసారి గాలి లేకపోయినా తెగుతాయి."

వాడు బల్ల దిగి టార్ప్లీ గారి భుజం మీద చెయ్యేశాడు.

"స్టబ్స్ కుర్రాడు జబ్బు చేసి పోయాడని చదువు. అసలు చదవడం మానేశావనుకో, మీవాళ్ళకి లేనిపోని అనుమానాలొస్తాయి. చదవాలి. నీ గొంతుతోనే చదవాలి. నీదైతే నమ్ముతారు."

వాడు వెళ్ళాక నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏంటలా చూస్తారు? వాడికి వెర్నెల్ అక్క మాట వినిపించడమే మన జవాబు. పన్నెండవుతోంది, జరగండి" అన్నాను.

"టవర్ కూలిస్తే మళ్ళీ నిలబెట్టగలమా లూడెల్లా?" అన్నాడాయన. "రేపట్నుంచి ఎవరు పోయారో ఎవరికీ తెలీదు. ఒక్కడి కోసం ఇంతమంది నోరు మూయించమంటావా?"

"ఇంటివాళ్ళ మాట మార్చకూడదన్న పెద్దమనిషెవరు?"

"నేనే."

"మరి?"

"మరి లేదు, గిరి లేదు. నువ్వు బయటికి నడు."

"ఆ తల్లికి ఏ మొహం చూపిస్తారయ్యా?" అని అరిచాను. ఆయన నా భుజం పట్టుకుని బయటికి పంపి లోపల గడియ వేసుకున్నాడు. ముందు గదిలో రేడియో మోగుతోంది. నేను తలుపు బాదుతూనే ఉన్నాను, గుడ్ల అట్టలు ఆ చప్పుడంతా మింగేశాయి. ఆయన గొంతు మాత్రం ఎప్పటిలాగే నిండుగా, మెత్తగా వచ్చింది.

"రోస్కో స్టబ్స్, ఇరవై రెండేళ్ళు. స్వల్ప అనారోగ్యంతో ప్రభువు సన్నిధికి చేరాడు. తల్లి వెర్నెల్ ఈ విషయం తెలియజేస్తున్నారు."

ఆవిడ పేరు కూడా చేర్చాడు! అలవాటుగా చేర్చాడో, తెలిసే చేర్చాడో నేను ఈనాటికీ అడగలేదు.

చదివారు కాబట్టి మర్నాడు అంత్యక్రియలకి జనం వచ్చారు. మూడు కౌంటీల నుంచి వచ్చారు. చర్చిలో కూర్చోవడానికి చోటు లేక గోడల వెంబడి నిలబడ్డారు. పాటలయ్యాక వరసకట్టి తల్లి చెయ్యి పట్టుకుని ఓదార్చడం మొదలుపెట్టారు.

"ఏం జబ్బమ్మా, అంత చిన్న వయసులో?" అంది మొదటావిడ.

"జబ్బు కాదు. జైల్లో కొట్టి చంపారు."

ఆవిడ వెర్నెల్ కళ్ళలోకి చూసింది. "అయ్యో తల్లీ, మరి నిన్న నువ్వేగా జబ్బని చెప్పించావు?"

"నేను చెప్పలేదు."

"నీ పేరు చదివారు కదమ్మా. ఇంటివాళ్ళు చెప్పకుండా ఎందుకు చదువుతారు?" అని, దుఃఖంతో మతి చలించిందనుకుని, వీపు నిమిరి ముందుకి నడిచింది.

రెండో ఆవిడా అంతే, మూడో ఆయనా అంతే. రోస్కో స్నేహితుడొకడు చెయ్యి కూడా అందుకోలేదు. "దొరసాని వంటింట్లో పని పోతుందని భయపడ్డావా పిన్నీ? కన్నకొడుకు కదా!" అన్నాడు.

"నోరు ముయ్యరా, ఆవిడ అలా చెప్పలేదు, నేను విన్నాను" అని అడ్డం వెళ్ళాను.

"అయితే టార్ప్లీ గారు అబద్ధం చదివాడంటావా అత్తా?" అన్నాడు వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను అదోలా చూశారు. ఇన్నేళ్ళూ ఒక్క మాట మార్చలేదని ఊరంతా ఒట్టేసి చెప్పుకునే స్టేషన్ మరి!

టార్ప్లీ గారు ముందు బెంచీలోనే ఉన్నాడు. వెర్నెల్ వరస వదిలేసి వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడింది.

"ఇక్కడ టవర్ లేదుగా. ఇక్కడ చెప్పు" అంది. టవర్ బెదిరింపు సంగతి ముందురోజు సాయంత్రమే ఆవిడకి నేను చెప్పాను.

ఆయన లేచాడు. మూడు కౌంటీలు గుర్తుపట్టే గొంతది. ఆయన జనాన్ని చూశాడు, తర్వాత వెనక తలుపు దగ్గర టోపీతో నిలబడ్డ ఆ డిప్యూటీని చూశాడు. పెదాలు కదిలాయి. "దేవుడు ఈ తల్లికి ఓర్పునివ్వాలి" అన్నాడు, కూర్చున్నాడు. "ఆమెన్" అన్నారు అందరూ.

నేను కూడా అన్నాననుకుంటారేమో, అనలేదు. పళ్ళు బిగబట్టుకుని ఉన్నాను.

వెర్నెల్ తిరిగొచ్చి శవపెట్టె పక్కన నిలబడింది. వరస మళ్ళీ కదిలింది. దూరపు ఊరినుంచి కర్ర పోటేసుకుంటూ వచ్చిన ఒక ముసలమ్మ ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. పాపం, ఆ ముసలమ్మకి జరిగిందేమీ తెలీదు.

"చాలా రోజులు మంచాన పడ్డాడా అమ్మా, నీ బిడ్డ?"

వెర్నెల్ నా వైపు చూసింది. నోరు తెరిచింది, మూసుకుంది. మళ్ళీ తెరిచింది.

"ఎక్కువ రోజులు కాదు పెద్దమ్మా" అంది. "తొందరగానే పోయాడు."

"అదే మేలు తల్లీ. నొప్పి తెలియకుండా పోయాడు" అంది ముసలమ్మ.

వెర్నెల్ తల ఊపింది.